ఇంటిలో ఎంత సముద్రము?

మహదేవపూరునకు దాపున, కాళేశ్వరము కడ, ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. ఆ నీరు కడలిని ముట్టుటకు ఇంకను పాపికొండలు దాటి పోవలెను. అట్టి చోట పగడములతో కూడిన ఉప్పునీటి గాజుతొట్టిని ఇంట నిలుపదలచిన గృహస్థునకు మొదటి ప్రశ్న ఒక్కటే: ఎంత సముద్రము తెచ్చుకొనవలెను?

ప్రశ్న పాతది. 1846లో అన్నా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ తీరమునుండి సజీవములైన రాతిపగడములను లండనుకు కొనిపోయినది. ఆమె పాత్రలు చిన్నవి. నీటిలో ప్రాణవాయువు తరుగకుండుటకై పరిచారిక కిటికీ ముందు నిలిచి, దినదినము అరగంట, ముప్పావుగంట ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రకు ఒంపుచుండెడిది. మరుసటి ఏట సముద్రపు మొక్కలను చేర్చిరి. పగడములు బ్రదికినవన్న కీర్తిలో సగము ఆ పరిచారిక చేతులదే యని నా అభిప్రాయము.

1909లో చెన్నపట్టణపు సముద్రతీరమున మత్స్యశాల తెరచిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది మూతపడినది. 1961లో జకార్తా వాసి లీ చిన్ ఎంగ్, జీవులతో నిండిన సముద్రపు రాళ్లను, గాలిబుడగలను మాత్రమే నమ్ముకొని తొట్టిలో పగడములను పెంచు పద్ధతిని లోకమునకు తెలిపినాడు. ఈ రెండు చోట్లను సముద్రము చేరువనే కలదు. మనకు లేదు; నీటిని మనమే చేసికొనవలెను.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల తొట్టిలో 680 లీటర్లు పట్టును. నీటి బరువే 700 కిలోలు; రాళ్లు, గాజు వేరు. మేడమీద నిలుపదలచినవారు ముందుగా ఇంజనీరును అడుగుట మంచిది. లీటరుకు 35 గ్రాముల చొప్పున 24 కిలోల సముద్రలవణము కావలెను. వంటింటి ఉప్పు పనికిరాదు. నూతి నీటిని సైతము ఆర్.ఓ. యంత్రమున వడగట్టవలెను. వారమునకు పదవవంతు మార్చినచో 68 లీటర్లు.

అయినను పెద్ద తొట్టికి ఒక గుణము కలదు. చేప చచ్చినను, ఎండ మండినను, ఆ చెరుపు ఎక్కువ నీటిలో పలుచనగును. పగడములకు 25 మొదలు 27 డిగ్రీలు హితము; మన వేసవి సంగతి శ్రోతలకు చెప్పనక్కరలేదు. లోతుకన్న వెడల్పు మేలు: గాలి సోకును, చేయి అడుగునకు అందును.

మరియొక మాట. 2001నుండి రాతిపగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరియున్నవి. మన సముద్రమునుండి వాటిని తీయుట, అమ్ముట నేరము. ఏమి పెంచవచ్చునో తెలిసికొనక తొట్టి కొలతలు వేయరాదు.

నన్నడిగినచో నాలుగడుగుల తొట్టి చాలునందును. అందు 450 లీటర్లు పట్టును. వారమునకు మూడు బిందెలు మార్చిన సరిపోవును. వేసవి రాత్రి కరెంటు పోయి పంపులు నిలిచినచో, చెంబుతో నీరెత్తి పోయుచు కూర్చుండవలసినది మనమే గదా!