బాక్సరు నోట్లో రబ్బరు

రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లలో చాలామంది పంటివేరులో ఓ చెట్టు పాలు గడ్డకట్టి ఉంటాయి. చెట్టు మలయా అడవులది, సరుకు పేరు గట్టాపెర్చా. నా క్లినిక్‌లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో గులాబీరంగు సన్నపుల్లల్లా ఉంటుంది. శుభ్రం చేసిన వేరులోకి ఆ పుల్లను దించి, బాగా కాల్చిన పనిముట్టుతో పైన మిగిలిన ముక్కను తెంపేస్తాం. వేడి తగలగానే మెత్తబడుతుంది, చల్లారితే బిగుసుకుంటుంది. 1840ల్లో ఇంగ్లండు చేరిన ఈ సరుకుతో బ్రిటిష్‌వాళ్లు గోల్ఫ్ బంతులు చేశారు, సముద్రం అడుగున పరిచిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు వేశారు. విశాఖలో బాక్సింగ్ పోటీలు జరిగితే రింగు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేవాణ్ణి కాబట్టి, నాకు దీనిమీద ఇంకో రకం అభిమానం కూడా ఉంది. బాక్సరు నోటికి పళ్లడాక్టరు చేసిపెట్టిన తొలి కవచం దీంతోనే తయారైంది.

1890 ప్రాంతంలో లండన్‌లో వుల్ఫ్ క్రౌజ్ అనే దంతవైద్యుడు గట్టాపెర్చాను పట్టీలుగా కోసి, రింగులోకి దిగబోయే బాక్సర్ల పై వరస ముందుపళ్లకు అంటించేవాడు. ఆయన దృష్టి పళ్లమీద కన్నా పెదవిమీదే ఉండేది. 1867లో అచ్చయిన క్వీన్స్‌బెరీ నియమాలతో చేతులకు గ్లవ్స్ వచ్చాయి. గ్లవ్ చర్మాన్ని కోయదు, కానీ పెదవిని తీసుకెళ్లి పళ్లమీద నొక్కుతుంది. కోసేది ఎవడి పన్ను వాడిదే. పెదవి లోపల చిట్లితే రక్తం ఒక పట్టాన ఆగదు, గుటకేసిన రక్తంతో కడుపులో తిప్పుతుంది, నాలుగో రౌండుకి మనిషి సగం అయిపోతాడు. అంతకుముందు బాక్సర్లు దూదో, స్పాంజి ముక్కో, చిన్న చెక్కపేడో పళ్లమధ్య బిగించి కొట్లాడేవారు. గుద్దు తగిలి దవడ వదులైతే అది గొంతులోకి జారదని భరోసా ఏమిటి? ఆ రోజుల్లో ఎవరూ అలా ఊపిరాడక పోలేదంటే నేను నమ్మను.

అతుక్కున్న పట్టీ ఒక్క పోటీకే పనికొచ్చేది. క్రౌజ్ కొడుకు ఫిలిప్ కూడా పళ్లడాక్టరే, పైగా తనూ బాక్సింగ్ చేసినవాడు. అతను రబ్బరుతో, కడిగి మళ్లీ పెట్టుకోగలిగేలా గార్డు చేశాడు. అది పెట్టుకుని పేరు తెచ్చుకున్నవాడు టెడ్ ‘కిడ్’ లూయిస్. అసలు పేరు గెర్షన్ మెండెలోఫ్, లండన్ ఈస్ట్ ఎండ్ యూదుల కుర్రాడు. 1913 ప్రాంతం నుంచీ నోట్లో గార్డుతో ఆడి, 1915లో అమెరికాలో వెల్టర్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. షికాగో పళ్లడాక్టర్లు కూడా గార్డు మేమే ముందు చేశామని చెప్పుకున్నారు. పనికొచ్చే వస్తువుకి తండ్రులు ఎక్కువ, అందులో వింతేం లేదు.

లూయిస్‌కి చిరకాల ప్రత్యర్థి జాక్ బ్రిటన్. ఇద్దరూ ఇరవైసార్లు తలపడ్డారు. టైటిల్ ఇతని దగ్గర్నుంచి అతనికి, అతని దగ్గర్నుంచి ఇతనికి మారుతూ వచ్చింది. 1921 ఫిబ్రవరిలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చివరిసారి కలిసినప్పుడు, బ్రిటన్ మేనేజర్ డాన్ మోర్గన్ లూయిస్ నోట్లో ఉన్నది చూసి పేచీ పెట్టాడు. గార్డు నియమాలకు విరుద్ధమన్నాడు, తీసేయించాడు. పదిహేను రౌండ్లయ్యాక బ్రిటన్ గెలిచాడు. గార్డు లేకే లూయిస్ ఓడాడని నేననను, అప్పటికే బ్రిటన్ చాంపియన్, మంచి ఆటగాడు. కానీ మోర్గన్ తెలివి చూడండి. ఎదుటివాడు దెబ్బ కాచుకోవడాన్ని మోసం కింద జమకట్టించాడు. తలకు హెల్మెట్ పెట్టుకున్న బ్యాట్స్‌మన్‌ని చూసి భయస్తుడని గొణిగే పెద్దవాళ్లు మన ఊళ్లలోనూ ఉండేవారు.

ఈ పేచీకి బదులు చెప్పింది ఏ డాక్టరూ కాదు, మైక్ మెక్‌టీగ్ అనే ఐరిష్‌వాడి పెదవి. 1923లో డబ్లిన్‌లో బాట్లింగ్ సికీని ఓడించి లైట్ హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ తెచ్చుకున్నవాడతను. 1927 మార్చిలో న్యూయార్క్‌లో జాక్ షార్కీతో పోరు. బాగా ఆడుతున్నాడు, పాయింట్లలో ముందున్నాడని చూసినవాళ్లు చెప్పారు. పన్నెండో రౌండులో పన్ను విరిగి పెదవి లోపల లోతుగా తెగింది. నోటినిండా రక్తం. పోటీ ఆపేశారు, షార్కీ గెలిచినట్టు ప్రకటించారు. ఆ తర్వాత గార్డుమీద అభ్యంతరాలు సద్దుమణిగి, నోట్లో రబ్బరు మామూలైంది. క్రౌజ్ మొదటి పట్టీ అంటించి అప్పటికి ముప్ఫయ్యేళ్లు దాటింది. పళ్లడాక్టర్లకు అంతకాలంగా తెలిసిన సంగతి, టికెట్ కొన్న జనం కళ్లముందు గెలిచే ఆట చేజారితే తప్ప నియమాల పుస్తకంలోకి ఎక్కలేదు.

మిగతా ఆటల సంగతీ అంతే. 1947లో లాస్ ఏంజిలిస్ దంతవైద్యుడు రోడ్నీ లిలిక్విస్ట్ ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడికి పారదర్శకమైన యాక్రిలిక్ గార్డు చేశాడు. 1962లో అమెరికా హైస్కూలు ఫుట్‌బాల్‌లో అది తప్పనిసరి అయింది, 1973లో కాలేజీలకు పాకింది.

ఇప్పుడు మా రింగు దగ్గరికొస్తే, అమెచ్యూర్ బాక్సింగ్‌లో గార్డు లేనిదే గంట కొట్టరు. ఎర్రరంగు గార్డు ఒప్పుకోరు, రక్తం కనబడదని. గార్డు ఊడి కిందపడితే ఆట ఆపి, కడిగి పెట్టించాకే మళ్లీ మొదలు. పిల్లలు కొనేది స్పోర్ట్స్ షాపులో దొరికే చవకరకం. వేన్నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక కొరికి, వేళ్లతో పెదవిపై నుంచి నొక్కి, చల్లనీళ్లలో వేసేది. పదార్థం మారింది గానీ పనితనం క్రౌజ్‌దే. హాస్టల్ పిల్లలు టీ గిన్నెలో నీళ్లు మరగబెట్టి ముంచుతారు. ఎక్కువసేపు ఉంచేస్తే ముడుచుకుపోతుంది. తక్కువసేపైతే పళ్ల అచ్చు పడదు, మాట్లాడితే జారుతుంది. ఒకసారి ఓ కుర్రాడి గార్డు తీసుకుని దీపం కిందపెట్టి చూశాను. ముందుపళ్ల గుంటల్లో తెల్లటి పొర, దవడపళ్లు ఆనేచోట నల్లచుక్కలు, పైన చేతికి చుట్టే బ్యాండేజీ దూది. బ్యాగులో తడి బనీనుతోపాటు అలాగే పడేస్తున్నాడు. అతని చిగుళ్లు వేలు తగిలితే రక్తం కారుతున్నాయి. గుద్దు తగిలిన రక్తం కాదది, గార పట్టిన రక్తం.

అక్కడ ఈ చరిత్ర నాకు సగంలో ఆగిపోయినట్టు అనిపిస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పళ్ల క్లినిక్‌కి వచ్చిన 302 మంది క్రీడాకారులను యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు తమ అధ్యయనంలోకి తీసుకున్నారు. 55 శాతానికి పుప్పిపళ్లు, 45 శాతానికి ఎనామిల్ అరుగుదల, 76 శాతానికి చిగుళ్ల వాపు. నోటి బాధవల్ల తమ శిక్షణో ఆటో దెబ్బతిందన్నవాళ్లు 18 శాతం. ప్రపంచంలో మంచి దేహాలున్నవాళ్ల నోళ్లివి. 1965లో ఫ్లోరిడాలో రాబర్ట్ కేడ్ బృందం ఫుట్‌బాల్ జట్టుకోసం కలిపిన గేటొరేడ్ అనే పానీయం తర్వాత, ఆటకీ తీపి పులుపు నీళ్లకీ ముడిపడిపోయింది. అందులోని ఆమ్లం ఎనామిల్‌ని మెత్తబరుస్తుంది. చక్కెర పాచిలోని సూక్ష్మజీవులకు మేత. మామూలు మనిషి లాలాజలం కొంత కడిగేస్తుంది. నోటితో ఎగశ్వాస తీసే ఆటగాడికి ఆ లాలాజలమే ఎండిపోతుంది.

బాక్సర్లది మరీ ఘోరం. బరువు తూకానికి ముందు రోజు నీళ్లు మానేస్తారు, చూయింగ్ గమ్ నములుతూ ప్లాస్టిక్ గ్లాసులో ఉమ్ముతారు, మిగిలిన కాసిన్ని గ్రాములూ దిగడానికి. తూకం అయిన మరుక్షణం గ్లూకోజ్ పొడి నాలుకమీద పోసుకుంటారు, నిమ్మరసంలో కలిపి తాగుతారు. ఎండిన నోటికి, మెత్తబడిన పంటికి అంతకుమించిన హాని ఏముంది? నేను చూసిన మెడికల్ పరీక్షల్లో బీపీ, కళ్లు, పిడికిలి ఎముకలు శ్రద్ధగా చూశారు. నోరు తెరిపించడం అరుదు.

అందుకే ఈమధ్య నా కుర్చీ రింగు పక్కన కాక తూకం యంత్రం పక్కన వేయిస్తున్నాను. చేతిలో టార్చి, బల్లమీద నీళ్ల సీసాలు. మొన్న ఓ అరవై కేజీల కుర్రాడు గ్లూకోజ్ సీసా గడగడ తాగి, వెంటనే గార్డు బిగించుకున్నాడు, కోచ్‌తో రెండు పంచ్‌లు చూసుకుందామని.

“ఆగరా నాన్నా, తియ్యి ముందు.”

“టీత్ గార్డు పెట్టుకుంటే పళ్లకి మంచిదన్నారు గదండీ డాక్టరు గారూ?”

“గుద్దుకి మంచిదే. పంచదార నీళ్లు పంటికీ దానికీ మధ్య ఇరుక్కుంటే ఉమ్ము అక్కడిదాకా వెళ్లదు. అరగంట నానబెట్టినట్టే.”

తీశాడు. ఉత్తనీళ్లతో పుక్కిలించమన్నాను, బ్రష్ మాత్రం ఇప్పుడే వద్దు, కాసేపాగి చెయ్యమన్నాను. గార్డుని సబ్బుతో చల్లనీళ్లలో కడిగి పెట్టుకోమని ఓ గాలి రంధ్రాలున్న డబ్బా ఇచ్చాను. తర్వాతివాడు తూకం ఎక్కాడు, నోరు తెరవమన్నాను.