ప్రయోజనార్థక, ఫలితార్థక వాక్యాలు

ఒక పనిని ఏ ఉద్దేశంతో చేశారో తెలిపే వాక్యాన్ని ప్రయోజనార్థక వాక్యం అనీ, ఒక పని జరిగినందువల్ల ఏమి సంభవించిందో తెలిపే వాక్యాన్ని ఫలితార్థక వాక్యం అనీ అంటారు. 'భక్తులు వీరభద్రస్వామి దర్శనానికి పట్టిసీమ వచ్చారు' అనేది మొదటి రకానికి ఉదాహరణ. 'గోదావరికి వరద రావడంతో పడవలు ఆగిపోయాయి' అనేది రెండవ రకానికి ఉదాహరణ. ఈ రెండు అర్థాలను తెలపడానికి ఆంగ్లంలోనూ, తెలుగులోనూ వేర్వేరు నిర్మాణాలు ఉన్నాయి. అయితే ఒకే నిర్మాణం రెండు అర్థాలనూ ఇచ్చే సందర్భాలు కూడా రెండు భాషల్లో ఉన్నాయి. అనువాదంలో పొరపాట్లు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు చాలావరకు పట్టిసీమకు సంబంధించినవి. పట్టిసీమ గోదావరి ఒడ్డున, పోలవరం మండలంలో ఉన్న గ్రామం. పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండే ఈ మండలం 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. ఇక్కడ నది మధ్య లంకలోని కొండపై వీరభద్రస్వామి ఆలయం ఉంది. యాత్రికులు రేవు నుండి పడవలో అక్కడికి వెళతారు.

ప్రయోజనానికీ, ఫలితానికీ భేదం

ప్రయోజనం పనికి ముందే కర్త మనసులో ఉంటుంది. ఫలితం పని తరువాత లోకంలో కనిపిస్తుంది. అందుచేత ప్రయోజనార్థక వాక్యంలో సాధారణంగా ఉద్దేశం కలిగిన కర్త ఉండాలి. 'చెట్టు పడటానికి గాలి వీచింది' అని ఎవరూ అనరు. 'గాలి వీచి చెట్టు పడింది' అంటారు.

ప్రయోజనార్థక వాక్యం ఉద్దేశాన్ని మాత్రమే చెబుతుంది, అది నెరవేరిందని చెప్పదు. దీనిని 'కాని' చేర్చి పరీక్షించవచ్చు. 'దర్శనానికి వెళ్ళారు, కాని పడవ దొరకక తిరిగి వచ్చారు' అనే వాక్యంలో విరోధం లేదు. 'దర్శనం చేసుకుని వచ్చారు, కాని దర్శనం కాలేదు' అంటే విరోధం ఏర్పడుతుంది.

తెలుగులో ప్రయోజనం తెలిపే విధానాలు

* క్రియానామానికి 'కి' చేర్చడం: 'గుడి చూడటానికి వచ్చారు'. నేటి వాడుకలో ఇది అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది. మాటల్లో 'చూడ్డానికి' అవుతుంది. గ్రాంథికంలో దీనికి బదులు 'చూచుటకు', 'చూచుటకై' అనే రూపాలు ఉన్నాయి.
* 'కోసం', 'కొరకు', 'కై' చేర్చడం: 'దర్శనం కోసం', 'దర్శనం కొరకు'. సంస్కృత పదాలకు 'అర్థం' చేర్చి 'దర్శనార్థం' అని కూడా అంటారు.
* తుమున్నర్థకం: 'చూడ వచ్చిరి'. సంస్కృతంలోని 'తుమున్' ప్రత్యయం ఇచ్చే అర్థాన్ని ఇస్తుంది కనుక దీనికి ఈ పేరు. ఆధునిక భాషలో ఈ రూపం ప్రయోజనార్థంలో తగ్గిపోయింది. 'చూడబోయాడు' అంటే నేడు 'చూసే ప్రయత్నంలో ఉన్నాడు' అనే అర్థమే ముందుగా స్ఫురిస్తుంది.
* 'అని' చేర్చడం: 'గుడి చూద్దామని వచ్చారు', 'గుడి చూడాలని వచ్చారు'. కర్త తనలో అనుకున్న మాటనే వాక్యంలో ఉంచినట్లు ఉంటుంది కనుక ఇక్కడ ఉద్దేశం స్పష్టంగా తెలుస్తుంది.
* 'ఏలా', 'ఏటట్లు' చేర్చడం: 'నీరు పారేలా కాలువ తవ్వారు'. రెండు క్రియలకు కర్తలు వేరైనప్పుడు ఇది బాగా ఉపయోగపడుతుంది.
* 'కుండా' చేర్చడం: 'పడవ కొట్టుకుపోకుండా తాడు కట్టారు'. ఇది వ్యతిరేక ప్రయోజనం. అయితే 'భోజనం చేయకుండా వెళ్ళాడు' అన్నప్పుడు ఇదే రూపానికి ప్రయోజనార్థం ఉండదు.

'డానికి' చివరన ఉన్న ప్రతి మాటా ప్రయోజనాన్ని చెప్పదు. 'గట్టు తెగడానికి వరదే కారణం' అనే వాక్యంలో గట్టు తెగాలని ఎవరూ కోరుకోలేదు.

ఆంగ్లంలో ప్రయోజనం తెలిపే విధానాలు

ఆంగ్లంలో ప్రయోజనానికి ప్రధాన సాధనం 'టు' అనే పదం. 'దే కేమ్ టు సీ ది టెంపుల్' అంటే 'గుడి చూడటానికి వచ్చారు' అని అర్థం. 'ఇన్ ఆర్డర్ టు', 'సో యాజ్ టు' అనేవి ఇదే అర్థాన్ని మరింత స్పష్టంగా, కొంత లాంఛనంగా చెబుతాయి. వ్యతిరేకార్థంలో 'ఇన్ ఆర్డర్ నాట్ టు', 'సో యాజ్ నాట్ టు' అంటారు. 'లెస్ట్' అనే పాత మాట 'అలా జరగకుండా' అనే అర్థంలో రచనల్లో ఇంకా కనిపిస్తుంది.

నామవాచకానికి ముందు 'ఫర్' వస్తుంది. 'దే కేమ్ ఫర్ దర్శన్' అన్నది సరైన వాక్యమే. వస్తువు ఉపయోగాన్ని చెప్పేటప్పుడు 'ఫర్' తరువాత 'ఇంగ్' రూపం వాడతారు: 'దిస్ రోప్ ఈజ్ ఫర్ టయింగ్ ది బోట్'. కర్త ఉద్దేశాన్ని చెప్పేటప్పుడు మాత్రం 'టు' వాడాలి.

ఫలితం తెలిపే విధానాలు

తెలుగులో ఫలితాన్ని చెప్పడానికి అతి సులభమైన మార్గం క్త్వార్థకం. 'వాన కురిసి ఏరు పొంగింది' అంటే ఒకదాని తరువాత ఒకటి జరిగిందనే కాక, మొదటిది రెండవదానికి కారణమని కూడా అర్థమవుతుంది. 'వరద రావడంతో', 'వరద రావడం వల్ల', 'వరద వచ్చినందువల్ల' అనే రూపాలు కారణాన్ని స్పష్టం చేస్తాయి. రెండు వాక్యాలను కలపడానికి 'కాబట్టి', 'కనుక', 'అందువల్ల', 'దాంతో' ఉన్నాయి. ఆంగ్లంలో ఈ స్థానంలో 'సో', 'దేర్‌ఫోర్', 'యాజ్ ఎ రిజల్ట్' వస్తాయి.

తీవ్రత వల్ల కలిగిన ఫలితానికి ఆంగ్లంలో 'సో ... దట్', 'సచ్ ... దట్' వాడతారు. 'ది విండ్ వాజ్ సో స్ట్రాంగ్ దట్ ది బోట్ డిడ్ నాట్ మూవ్' అనే వాక్యాన్ని తెలుగులో 'పడవ కదలనంత బలంగా గాలి వీచింది' అనీ, 'గాలి ఎంత బలంగా వీచిందంటే పడవ కదలలేదు' అనీ రెండు విధాలుగా చెప్పవచ్చు. 'టూ ... టు' నిర్మాణంలో వ్యతిరేక పదం లేకపోయినా వ్యతిరేకార్థం ఉంటుంది. 'ది రివర్ వాజ్ టూ డీప్ టు వేడ్ అక్రాస్' అంటే 'నడిచి దాటలేనంత లోతుగా నది ఉంది' అని. ఇక్కడ తెలుగులో 'లేనంత' అని వ్యతిరేకాన్ని బయటకు చెప్పక తప్పదు.

రెండు అర్థాలూ ఇచ్చే నిర్మాణాలు

ఆంగ్లంలో 'సో దట్' ప్రయోజనానికీ, ఫలితానికీ కూడా వస్తుంది. 'దే డగ్ ఎ కెనాల్ సో దట్ ది ఫీల్డ్స్ కుడ్ గెట్ వాటర్' అనే వాక్యంలో 'కుడ్' ఉండటం వల్ల అది సాధారణంగా ఉద్దేశంగా అర్థమవుతుంది. పొలాలకు నీరు అందిందో లేదో వాక్యం చెప్పదు. 'సో దట్ ది ఫీల్డ్స్ గాట్ వాటర్' అంటే నీరు అందిందనే అర్థం. ఫలితార్థంలో 'సో దట్'కు ముందు తరచుగా కామా ఉంచుతారు. ప్రయోజనార్థంలో 'మే', 'మైట్', 'కెన్', 'కుడ్', 'విల్', 'వుడ్' వంటి సహాయక క్రియలు తరచుగా కనిపిస్తాయి.

'టు' కూడా కొన్నిచోట్ల ఫలితాన్నే చెబుతుంది. 'హి రాన్ టు ది ఘాట్, ఓన్లీ టు ఫైండ్ దట్ ది బోట్ హాడ్ లెఫ్ట్' అనే వాక్యాన్ని 'పడవ వెళ్ళిపోయిందని తెలుసుకోవడానికి రేవుకు పరుగెత్తాడు' అని అనువదిస్తే అర్థం చెడుతుంది. 'రేవుకు పరుగెత్తాడు, తీరా చూస్తే పడవ వెళ్ళిపోయింది' అనడం సరైనది.

తెలుగులో 'ఏలా' ఇటువంటిదే. 'అందరికీ వినిపించేలా పూజారి మంత్రం చదివాడు' అంటే అందరికీ వినిపించాలని చదివాడా, చదివిన తీరు వల్ల అందరికీ వినిపించిందా అనేది సందర్భాన్ని బట్టి తెలియాలి. సందేహానికి తావులేకుండా ఉండాలంటే మొదటి అర్థంలో 'వినిపించాలని' అనీ, రెండవ అర్థంలో 'గట్టిగా చదవడంతో అందరికీ వినిపించింది' అనీ రాయవచ్చు.

తెలుగువారు ఆంగ్లంలో చేసే పొరపాట్లు

'చూడటానికి' అనే రూపంలో క్రియానామం, దాని తరువాత విభక్తి ఉన్నాయి. దీనినే ఆంగ్లంలో ఉంచితే 'ఐ వెంట్ ఫర్ సీయింగ్ ది టెంపుల్' అవుతుంది. 'ఐ వెంట్ టు సీ ది టెంపుల్' అనడం సరైన ప్రయోగం. 'ఫర్ టు సీ' అనే ప్రయోగం పూర్వపు ఆంగ్లంలో ఉండేది, కొన్ని మాండలికాల్లో నిలిచింది; కాని నేటి ప్రామాణిక భాషలో దానిని అంగీకరించరు.

మరొక పొరపాటు సంధాయక పదాలను రెండుసార్లు వాడటం. 'బికాజ్' అని మొదలుపెట్టిన వాక్యంలో మళ్ళీ 'సో' చేర్చకూడదు. ఏదో ఒకటి సరిపోతుంది.

వ్యాకరణ గ్రంథాలలో

సంప్రదాయ తెలుగు వ్యాకరణం 'కొఱకున్, కై' ప్రత్యయాలను చతుర్థీ విభక్తిలోనూ, కారణాన్ని తెలిపే 'వలన'ను పంచమిలోనూ చేర్చింది. 'చూడటానికి' అనే రూపంలోని 'కి' మాత్రం షష్ఠి పట్టికలో ఉన్నా, ఇక్కడ చతుర్థి అర్థాన్నే ఇస్తుంది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858)లోని పది పరిచ్ఛేదాలలో వాక్యానికి ప్రత్యేక పరిచ్ఛేదం లేదు. మచిలీపట్నం, రాజమండ్రిలలో ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌన్ ఆంగ్లంలో రాసిన తెలుగు వ్యాకరణం 1840లోనూ, ఆర్డెన్ వ్యాకరణం 1873లోనూ వెలువడ్డాయి. ఆధునిక భాషాశాస్త్ర దృష్టితో తెలుగు వాక్యాన్ని పరిశీలించిన గ్రంథాల్లో చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975), భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి ఆంగ్లంలో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) ముఖ్యమైనవి.

నిత్యవ్యవహారంలో ప్రాముఖ్యత

ఈ భేదం పాఠశాల వ్యాకరణానికే పరిమితం కాదు. ప్రభుత్వ ప్రకటనలు, ఒప్పందాలు, వార్తలు చదివేటప్పుడు ఏది లక్ష్యమో, ఏది జరిగిన సంగతో పాఠకుడు గుర్తించాలి. 'గోదావరి నీటిని పోలవరం కుడి కాలువ ద్వారా కృష్ణా నదికి మళ్ళించడానికి 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకాన్ని ప్రారంభించారు' అనేది ప్రయోజనార్థక వాక్యం. 'ఏటా 80 టి.ఎం.సి.ల నీరు ఎత్తిపోయడానికి 24 పంపులు ఏర్పాటు చేశారు' అన్నప్పుడు 80 అనేది లక్ష్యంగా పెట్టుకున్న సంఖ్య. ఒక సంవత్సరంలో నిజంగా ఎత్తిపోసిన నీరు ఎంత, అది ఎన్ని పొలాలకు అందింది అనేవి ఫలితానికి సంబంధించిన ప్రశ్నలు. వాటికి జవాబు 'డానికి'తో ముగిసే మాటలో దొరకదు. 'అందింది', 'అందలేదు' అనే సమాపక క్రియలో, దానితోపాటు ఇచ్చిన లెక్కలో వెతకాలి. ఆంగ్ల నివేదికలో 'సో దట్' కనిపించినప్పుడు తరువాతి క్రియను చూడకుండా తెలుగు చేస్తే, ఆశించినది జరిగినట్లుగానో, జరిగినది కేవలం ఆశయమైనట్లుగానో మారిపోయే ప్రమాదం ఉంది.

ఇవి కూడా చూడండి

* విభక్తి
* క్త్వార్థకం
* తెలుగు వ్యాకరణం
* పట్టిసీమ