కరువు అనే మాట

మా గోనెగండ్ల దిక్కు ‘కరువు’ అనే మాట పసిపిల్లోనికి కూడా తెలుసు. వాన రాకుంటే కరువు. చేతిలో పైసా లేకుంటే డబ్బుకు కరువు. ఆకలిగొన్నోడు గబగబా తింటే కరువుమొగమోడు. మొదటి రెండు అర్థాలు మా వాడలో నేర్చుకున్నా. మూడోది రెడ్డి కొట్టం కాడ నేర్చుకున్నా.

మా నాయన ఆ ఇంట్లో జీతమున్నాడు. బడి లేని దినాల్లో బర్లు మేపను నన్ను కూడా తోలేవాడు. పొద్దుగూకినాక దొప్పలో జొన్నసంగటి ముద్ద పైనుంచి వేసేవాళ్లు. పొద్దున్నుంచి ఏమీ లేని కడుపు. నాలుగు బుక్కల్లో అయిపోయింది. ‘‘ఏం కరువుమొగంరా నీది!’’ అని రెడ్డెమ్మ నవ్వింది. మా నాయన కూడా నవ్వినాడు. నవ్వకుంటే జీతం పోతుంది.

ఇంటికొచ్చి జేజికి చెప్పినా. ‘‘కరువు మన మొగాన లేదు నాయనా, వాళ్ల జొన్నపాతరలో ఉంది’’ అనింది.

ఆ మాట చదువుకున్నాక అర్థమైంది. 1876–78 ధాత కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోది. 1953లో ఆంధ్రలోకి వచ్చింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, ఖర్చు తగ్గించాలని, కరువుపనిలో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. కష్టం చేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. అయినా కూలి వెంటనే పెరగలేదు. అదే కాలంలో ఈ దేశపు గోధుమలు ఇంగ్లండుకు ఓడలెక్కుతూనే ఉన్నాయి. అంటే ధాన్యం ఉంది. మనకు లేదు, అంతే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. చట్టం దాన్ని హక్కు అన్నది. మా వాడ మాత్రం ‘కరువుపని’ అనే పిలిచింది. ఆ పని వచ్చినా, ఇండ్లకు తాళాలేసి పిల్లల్ని చంకనేసుకొని గుంటూరు దిక్కు మిరపకోతలకు ‘సుగ్గి’కి పోవడం ఆగలేదు. కన్నడంలో సుగ్గి అంటే పంటకాలం. మా దగ్గర ఆ మాటకు ఊరిడిచి పోవడమని అర్థం.

ఒకనాడు నా కొడుకు గబగబా తింటాంటే నా నోటికే ‘కరువుమొగం’ వచ్చింది. నాలిక కరుచుకున్నా. రెడ్డెమ్మ మాట నా నోట్లో ఇన్నేండ్లు బతికుంది! మనల్ని తిట్టిన మాటలు ఎవరి పాతరలోంచి వచ్చినాయో మనమే రాసిపెట్టాల. లేకుంటే మన పిల్లల్ని మనమే తిడతాం.