పెట్టపోలి పంచ్, హౌరా చేదు

విస్కీ, తీపి వెర్మూత్, చేదు కంపారీ. ఈ మూడింటినీ మంచుగడ్డల మీద కలియబెట్టి వడగడితే బూలవార్డియర్ తయారవుతుంది. హ్యారీ మెకల్‌హోన్ 1927లో ప్యారిస్‌లో వేసిన కాక్‌టైల్ పుస్తకంలో దీని ప్రస్తావన ఉంది. ఎర్స్కిన్ గ్విన్ అనే అమెరికన్ ఆ నగరంలో నడిపిన పత్రిక పేరే పానీయానికీ వచ్చింది. స్వదేశంలో మద్యనిషేధం (1920-33) ఉండడంతో అమెరికన్లు ప్యారిస్ బార్లకు చేరిన రోజులవి. అయితే దీని పూర్వీకుల జాడ ప్యారిస్‌తో ఆగదు. ఒక పాయ ఆంధ్ర తీరానికి, మరొకటి బెంగాల్‌లో రైల్వే కాలనీ లిలువా ఉన్న హౌరాకు వస్తుంది.

మద్యం, తీపి, నీరు, ఘాటు కొలతగా కలిపే పద్ధతికి ఇంగ్లీషువారిలో తొలి పేరు పంచ్. 1611లో ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ ఓడ కోరమాండల్ తీరానికి వచ్చింది. మచిలీపట్నంతో పాటు వారు పెట్టపోలి అని రాసుకున్న ఊళ్లోనూ వర్తకం మొదలైంది. అదే నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఆడమ్స్ 1632 సెప్టెంబరు 28న ఆ ఊళ్లోని వర్తకుడు థామస్ కాలీకి రాసిన ఉత్తరంలో పంచ్ తాగే మాట ఉంది. ఇంగ్లీషులో ఆ పదానికి దొరికిన అతి పాత రాత ఇదే. తెలుగు తీరపు చరిత్రలో మచిలీపట్నం కలంకారీకి దక్కిన చోటులో కొంతైనా ఈ ఉత్తరానికి దక్కాలి. సారా, చక్కెర, నిమ్మరసం, నీరు, మసాలా అనే ఐదు దినుసుల వల్ల ‘పంచ’ శబ్దమే పంచ్ అయిందన్నది ఎక్కువమంది మాట. పంచామృతం ఎరిగిన తెలుగువారికి ఆ లెక్క కొత్త కాదు.

పద్దెనిమిదో శతాబ్దపు కలకత్తాలో లాల్‌బజార్ పంచ్ ఇళ్లకు పేరుపడింది. అక్కడ లేనిది మంచు. 1833లో బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 180 టన్నుల సరస్సు మంచును టస్కనీ అనే ఓడలో పంపాడు. నాలుగు నెలల ప్రయాణం తర్వాత హుగ్లీ రేవులో దాదాపు వంద టన్నులు దిగాయి. మద్రాసు ఐస్‌హౌస్ కట్టింది ఈ వ్యాపారం కోసమే.

ఆ మంచు దేశంలోనే పంచ్ సంతతి కొత్త రూపు తీసుకుంది. 1806లో న్యూయార్క్ రాష్ట్రపు హడ్సన్ పట్టణ పత్రిక ఒకటి కాక్‌టైల్ అంటే మద్యం, చక్కెర, నీరు, బిట్టర్స్ అని వివరించింది. చేదు చేరడమే అసలు తేడా. ఆ చేదు వైద్యుల సీసాల్లోంచి వచ్చింది. 1824లో వెనిజులాలో అంగోస్తురా బిట్టర్స్ తయారుచేసిన సీగర్ట్ సైనిక వైద్యుడు. ఐరోపా బిట్టర్స్‌కు ముఖ్యమైన దినుసు జెన్షియన్ వేరు. వెర్మూత్ అనే పేరు ఒక చేదు మొక్కకు జర్మన్లు పెట్టుకున్న పేరు నుంచి వచ్చింది. వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి ఆ మొక్కకు చుట్టమే.

జెన్షియన్ కుటుంబపు చేదు హిమాలయాల్లోనూ ఉంది. అదే చిరైత, ఆయుర్వేదంలోని కిరాతతిక్తం. దానికి జెన్షియన్ జాతిగా శాస్త్రనామం పెట్టినవాడు విలియం రాక్స్‌బరో. ఏళ్లపాటు సామర్లకోటలో ఉండి కోరమాండల్ మొక్కలను చిత్రాలతో సహా నమోదు చేసిన ఆయన, 1793లో హౌరాలోని శిబ్‌పూర్ వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. తర్వాతి కాలంలో అదే తోట అధిపతి థామస్ ఆండర్సన్ సింకోనాను డార్జిలింగ్ కొండలకు చేర్చాడు. 1892 నుంచి బెంగాల్ తపాలా కార్యాలయాల్లో ఆ చెట్టు బెరడు నుంచి తీసిన క్వినైన్ పొట్లాలు ఒక్కో పైసాకు అమ్మారు. జ్వరాల బెంగాల్‌లో చేదు విలాసం కాదు, ప్రాణావసరం.

ఇక విస్కీ సంగతి. పందొమ్మిదో శతాబ్దం చివర ఫైలోక్సెరా పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను తినేసింది. బ్రాందీ కరవై విస్కీ ముందుకొచ్చింది. అప్పటికే ఇటలీలో తోడు పానీయాలు రెండూ సిద్ధంగా ఉన్నాయి: 1786 నాటి తూరిన్ కార్పానో వెర్మూత్, 1860లో నొవారాలో పుట్టిన కంపారీ. బూలవార్డియర్‌కు మొదట మూడూ సమపాళ్లే. తర్వాత విస్కీ వాటా పెరిగి 45 మిల్లీలీటర్లయింది, మిగతావి చెరో 30. ఇంట్లో కలిపేటప్పుడు దీన్ని గిలకొట్టకూడదు. పులుపు లేని పానీయం గనుక నురగ పనికిరాదు. పొడుగాటి చెంచాతో అరనిమిషం తిప్పితే చల్లదనంతో పాటు కాస్త నీరూ చేరి, చేదు పదును తగ్గుతుంది. వెర్మూత్ జాతికి ద్రాక్షసారాయి. మూత తీశాక ఫ్రిజ్‌లో ఉంచకపోతే రుచి చస్తుంది. చివర కమలాతొక్క నూనె పైన చిందేలా పిండుతారు.

మళ్లీ హౌరాకు వద్దాం. శిబ్‌పూర్ తోట హౌరా స్టేషన్‌కు దక్షిణాన, లిలువా ఉత్తరాన. హౌరా నుంచి తూర్పు రైల్వే మార్గంలో బయలుదేరే రైలుకు లిలువాయే మొదటి స్టేషన్. ఈస్టిండియన్ రైల్వే 1900లో అక్కడ పెట్టెల కర్మాగారం పెట్టింది, చుట్టూ రైల్వే కాలనీ వెలిసింది. అలాంటి కాలనీల్లో దొరల సాయంకాలపు గ్లాసులో విస్కీ-సోడాయే ఎక్కువ. ఆంగ్లో-ఇండియన్ ఇళ్లలో క్రిస్మస్‌కు కలిపేది మాత్రం అల్లం వైన్. అల్లం, చక్కెర, నిమ్మ, నీరు, మసాలా. సారా తప్ప, పెట్టపోలి నాటి పంచ్ దినుసులన్నీ అందులో ఉన్నాయి.