పాము పేరు వెనుక మనిషి పేరు

పసుపు, నలుపు పట్టెలు గల ఒక విషసర్పమును జంతుశాస్త్రజ్ఞులు 'బుంగారస్ ఫాసియేటస్' అందురు. అందలి మొదటి మాట మన తెలుగు 'బంగారు'. అది లాటినులోనికి వెళ్లిన కథ వినదగినది.

పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1781లో మన దేశమునకు వచ్చి విశాఖపట్టణమున ఉండెను. 1785లో ఈస్టిండియా కంపెనీవారు ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించిరి. కోరమాండల్ తీరపు పాములను తెప్పించి, వాటి విషమును కోళ్లపైనను కుక్కలపైనను పరీక్షించి, 1796లో లండనులో రంగుల బొమ్మలతో పెద్ద గ్రంథమును ప్రకటించెను. 'బంగారు పాము', 'కాటుక రేకుల పొడ' అని ఇచ్చటివారు చెప్పిన పేర్లనే తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. లిన్నేయసు పద్ధతిని రెండు మాటల శాస్త్రనామము మాత్రము పెట్టలేదు.

ఆ పని ఇతరులు చేసిరి. ఆ బొమ్మ ఆధారముగా ష్నైడరు 1801లో బంగారు పామునకు పేరు పెట్టెను. 1803లో దోదాన్ 'బుంగారస్' అను ప్రజాతిని కల్పించెను. నేడు ఆ పేరు వెనుక కుండలీకరణములలో 'ష్నైడరు, 1801' అని వ్రాయుదురు. మొదటి ప్రజాతి తరువాత మారినదని కుండలీకరణముల అర్థము. రస్సెల్ పేరు అచ్చట లేదు. కాటుక రేకుల పొడ, అనగా మన రక్తపింజరి, 1797లో ఆయన పేరు తాల్చినది. దాని వెనుకను షా, నాడర్ల పేర్లే. పాములు పట్టి తెచ్చినవారి ఊసు ఎచ్చటను లేదు.

ఇది అన్యాయమా? మాకట్లు తోచదు. ఆ పేరు సన్మానపత్రము కాదు; ఏ పామునకు ఎవరు, ఎప్పుడు నామకరణము చేసిరో తెలుపు విలాసము. ఆ విలాసమును నేటి కొలతలు చదువకపోవుటయే అసలు చిక్కు.

1964లో యూజీన్ గార్ఫీల్డు ప్రారంభించిన ఉల్లేఖన సూచిక, వ్యాసము చివరనుండు ఆధారగ్రంథముల పట్టికనే లెక్కించును. వర్గీకరణ శాస్త్రజ్ఞుడు 'ష్నైడరు, 1801' అని వ్రాసియు ఆ గ్రంథమును పట్టికలో చేర్చకపోవుట తరచు. పైగా పత్రిక ప్రభావమును కొలుచుటకు గడచిన రెండేండ్ల వ్యాసములే ప్రమాణము. ఒక పురుగు వర్ణన నలువది ఏండ్లకు గాని మరియొకరి అక్కరకు రాకపోవచ్చును. ఆ కొలతను చూచియే ఉద్యోగములు, పరిశోధన ద్రవ్యము పంచువారు పెక్కుమంది.

2020లో ఈ చిక్కు బయటపడినది. 2001లో వెలసిన 'జూటాక్సా' పత్రిక తన వ్యాసములనే మిక్కిలిగా ఉదాహరించుకొనుచున్నదని, క్లారివేట్ సంస్థవారు దానిని తమ ప్రభావ జాబితానుండి తొలగించిరి. కొత్త జంతుజాతుల వర్ణనలలో పెద్ద పాలు అందే వెలువడుచుండగా, వ్రాయువారు మరి దేనిని ఉదాహరింతురు? శాస్త్రజ్ఞులు నిరసించిరి, కొన్ని వారములలోనే పత్రికను మరల చేర్చిరి. రెండేండ్ల గడువు మాత్రము అట్లే ఉన్నది.