చిన్న చక్రముల సైకిలు: స్వల్పవ్యయముతో జీర్ణోద్ధారణము



జీర్ణోద్ధారణమను మాట మనకు దేవాలయముల విషయమున పరిచితము. కూలిన ప్రాకారమును మరల నిలుపబూనినవాడు మొదట చేయవలసినది ధనసంచయము కాదు. ఆ గోడ ఏ కాలమున, ఏ కొలతతో, ఏ రాతితో కట్టబడెనో అతడు తెలిసికొనవలెను. తెలియక చేసిన మరమ్మతు వ్యయమును పెంచును, వస్తువును చెఱచును. ఈ న్యాయము సైకిలువంటి సామాన్యవస్తువునకును చెల్లును. ఇంగ్లండున పుట్టి, ఒకప్పుడు విరివిగా వాడబడి, పిదప కొట్టములలో త్రుప్పు పట్టిన చిన్న చక్రముల సైకిలు చరిత్రమును, దానిని కొద్ది సొమ్ముతో బాగుచేయు విధమును నేడు మనవి చేసెదను.

మన గ్రామములలో తిరిగిన పెద్ద సైకిలునకు 28 అంగుళముల చక్రములుండెను. పెద్ద చక్రము గోతిని సులభముగ దాటును. చిన్న చక్రము గోతిలో దిగబడి, ప్రతి రాతి దెబ్బను ఎక్కినవాని నడుమునకు చేర్చును. అందుచేత అది పెద్దల ప్రయాణమునకు తగదని చిరకాలము తలచిరి.

ఈ తలంపును మార్చినవాడు అలెక్సు మౌల్టను (1920–2012) అను ఇంజనీరు. ఆయన రబ్బరు పరిశ్రమ నడపిన వంశమున జన్మించెను. 1956లో సూయజు కాలువ కలహము వలన ఇంగ్లండునకు పెట్రోలు కఱవై, రేషను పెట్టవలసివచ్చెను. ఆ దినములలో ఆయన దృష్టి సైకిలుపై ప్రసరించెను. 1959లో వెలువడిన మినీ అను చిన్న కారునకు రబ్బరు స్ప్రింగులను కల్పించినవాడాయనయే. ఆ యుపాయమునే సైకిలునకును పట్టించెను. 16 అంగుళముల చక్రము, గాలి బిగువుగ నింపిన సన్నని టైరు, ముందు వెనుకల రబ్బరు స్ప్రింగు: ఇదియే ఆ కల్పన. టైరు తేలికగ దొర్లును. కుదుపును స్ప్రింగు మ్రింగును. పైకమ్మి లేనందున స్త్రీలును పురుషులును సమముగ ఎక్కగలిగిరి. ఈ బండి 1962లో లండను ప్రదర్శనమున వెలువడెను.

నాటింగుహాములోని రాలీ కంపెనీవారు ఈ కల్పనను తొలుత పరిశీలించి, వలదనిరి. జనులు దానిని మెచ్చి కొనుట చూచి, 1965లో తామును పోటీగా ఒక 16 అంగుళముల బండిని దింపిరి. దానికి స్ప్రింగు లేదు. బదులుగా లావైన మెత్తని టైర్లు గలవు. అవి కుదుపును తగ్గించెను గాని త్రొక్కువాని సత్తువను హరించెను. 1967లో రాలీవారు మౌల్టను సైకిళ్ల వ్యాపారమునే కొనివేసిరి. 1968లో 20 అంగుళముల చక్రములతో రాలీ ట్వెంటీ అను దృఢమైన బండిని వెలువరించిరి. తొలి మౌల్టను బండ్ల నిర్మాణము 1974తో ఆగెను. ట్వెంటీ మాత్రము 1980ల వఱకు సాగెను. 1975లో ఒక్క యేటనే లక్షకు మించి తయారయ్యెను. అంత విరివిగా పుట్టినందుననే, అల్పధనునికి అందుబాటైన పాతబండి అదియే యైనది.

ఇక ఉద్ధారణక్రమము. శిలాశాసనమున శకవర్షమును చదివినట్లు, మొదట వెనుక చక్రపు హబ్బును చదువవలెను. స్టర్మీ ఆర్చరు వారి మూడు వేగముల హబ్బైనచో, దాని డొల్లపై తయారైన నెలయు సంవత్సరమును చెక్కబడియుండును. అయితే చక్రము నడుమ మార్చబడి యుండవచ్చును. కావున ఆ తేదీ హబ్బునకే ప్రమాణము గాని బండికంతకును కాదు. ఈ హబ్బులో పండ్లచక్రములు, సూర్యుని చుట్టు గ్రహములవలె, నడిమి చక్రము చుట్టును తిరుగును. మధ్యవేగముకంటె క్రిందిది నాలుగవవంతు తక్కువ, పైది మూడవవంతు ఎక్కువ. హబ్బు బిగిసినంతమాత్రాన పారవేయరాదు. పలుమారులు దాని జబ్బు ఎండిపోయిన నూనెయే. పలుచని నూనె పోసి ఒక రాత్రి యుంచి, గేరు తీగను సవరించినచో పెక్కు హబ్బులు మరల ప్రాణము పోసికొనును.

రెండవది కొలత. 20 అంగుళములని వ్రాసిన టైర్లన్నియు ఒకటి కావు. రిమ్ముపై టైరు కూర్చుండు వ్యాసము కొన్నిటికి 451 మిల్లీమీటర్లు, కొన్నిటికి 406. ఈ అంకెను చూడక కొన్న టైరు రిమ్ముపై నిలువదు, సొమ్ము వృథా. అట్లే పెడళ్ల యిరుసును పట్టియుంచు కప్పుల మర సామాన్యముగ అంగుళమునకు 24 చుట్లు, రాలీవారిది 26. కాబట్టి పాత కప్పులను పదిలపఱచి, లోపలి పావంగుళపు గుండ్లను, గ్రీజును మాత్రము మార్చుట లాభము. కాటరు పిన్నును తీయునప్పుడు క్రాంకునకు క్రింద గట్టి ఊతమీయవలెను. ఊతము లేక సుత్తితో మోదినచో ఆ దెబ్బ గుండ్లకును కప్పులకును తగిలి, చవుకగ ముగియవలసిన పని ఖరీదగును.

మూడవది త్రుప్పు. మెఱుగుపూత పూసిన భాగములను, నీట తడిపిన అల్యూమినియము రేకు ముద్దతో రుద్దినచో త్రుప్పు వదలును. రంగు మాత్రము చెక్కుచెదరినను ఉంచుటయే మేలు. కడిగి మైనము పూయుట చాలును. క్రొత్తరంగు వేసినచో ఖర్చు హెచ్చుటయే గాక, చట్రముపైనున్న పాత గుర్తులు, అనగా బండి చరిత్రము, దాని క్రింద సమాధియగును.

అయితే పొదుపు చేయరాని తావులు గలవు. బ్రేకు రబ్బర్లు, బ్రేకు తీగలు, టైర్లు, ట్యూబులు క్రొత్తవే కావలెను. ఉక్కు రిమ్ము వానలో తడిసినచో బ్రేకు సరిగ పట్టదు. సొమ్ము మిగిలినచో అల్యూమినియము రిమ్ములు వేయించుట అలంకారము కాదు, ప్రాణరక్షణ. చట్రము బీటవారినచో ఎంత ప్రీతి యున్నను ఆ బండి నెక్కరాదు. ధనము తక్కువయైనవాడు మెఱుగులో తగ్గింపవలెను గాని భద్రతలో కాదు.

నాటింగుహాములో రాలీ సైకిళ్ల నిర్మాణము ఈ శతాబ్దారంభముననే ముగిసెను. చేసిన చేతులు పోయినను చేసిన వస్తువు మిగిలినది. దానిని నడపవలసినది ఇక తెలిసినవారి నేర్పే. ఆ నేర్పు మనకు పరాయిది కాదు. రాలీ సైకిళ్లు మన దేశమున ఆసనసోలులోను తయారయ్యెను. కాటరు పిన్నును ఊతమిచ్చి తీయుట మన ఊరి సైకిలు దుకాణమున తలనెఱసిన పనివానికి వెన్నతో పెట్టిన విద్య. అతడు దానిని ఏ కుఱ్ఱవానికిని నేర్పక పోయినచో, పిన్ను వెల స్వల్పమైనను బండి మూలబడును. కావున ఇంటనున్న పాత సైకిలును తూకమునకు వేయుటకు ముందు, దానిపైని అంకెలను మనుమనిచేత చదివించి, అట్టి పనివానికొకమారు చూపుడు. వస్తువును నిలుపుటకు సొమ్ము కొంత చాలును. తెలివి మాత్రము నిండుగ కావలెను.