లారీ తలుపు అద్దం: దుమ్ముసీమలో దాని కథ

వాన కొరవడిన సీమలో లారీ తలుపు అడుగున తుప్పు పట్టి చిల్లులు పడడం వింతగా తోచవచ్చును. అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వానచాటున ఉన్నది. నైరృతి ఋతుపవనాలు కనుమల మీదనే తేమను జార్చి, ఇక్కడికి వచ్చేసరికి పలచబడతాయి. ఈశాన్య ఋతుపవనాలు తీరం నుంచి ఇంత దూరం చేరేసరికి బలం కోల్పోతాయి. ఏడాదికి సగటున పడే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అయినా ఈ ప్రాంతంలో చాలాకాలం తిరిగిన పాత లారీని బాగుచేయడానికి విప్పినప్పుడు, తలుపు పైభాగం గట్టిగా ఉండి, అడుగు రేకు మాత్రం వేలితో నొక్కితే రాలిపోవడం కనిపిస్తూ ఉంటుంది. ఇందుకు కారణం తెలియాలంటే తలుపులోని అద్దం కథా, దాని చుట్టూ ఉండే రబ్బరు కథా తెలియాలి.

తలుపు లేని నాటి లారీ

మొదటి మోటారు లారీని 1896లో జర్మనీలో డైమ్లర్ సంస్థ తయారుచేసినది. ఆ లారీకి ముందు అద్దమూ లేదు, పక్క తలుపూ లేదు. ఎద్దులబండి తోలేవాని వలెనే డ్రైవరు ఎండకు, గాలికి ఎదురుగా కూర్చునేవాడు. తరువాత గుడ్డ తెరలు వచ్చినవి. చూపు ఆనడానికి వాటిలో సెల్యులాయిడ్ ముక్కలు కుట్టేవారు. ఎండకు అవి పసుపుపచ్చగా మారి మసకబారేవి.

ఎత్తి దించే అద్దం మోటారు బండ్లకు రైలు పెట్టెల నుంచి వచ్చినది. పాత రైలు పెట్టెలలో కిటికీ అద్దాన్ని ఒక తోలుపట్టీతో పైకి లాగి, పట్టీకి ఉన్న రంధ్రాన్ని ఒక మేకుకు తగిలించేవారు. తొలినాటి కార్లలోనూ ఈ తోలుపట్టీయే ఉండేది. పట్టీ పోయి, చేతితో తిప్పే హాండిలూ, పండ్లచక్రమూ, అద్దాన్ని మోసే ఇనుప చేయీ వచ్చిన తరువాతనే అద్దాన్ని కావలసిన ఎత్తులో నిలపడం సాధ్యమైనది.

భారతదేశంలో జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో బండ్లను కూర్చడం ప్రారంభించినది. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినది. స్కాట్లండులో తయారైన ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి నేటికీ హైదరాబాదులో భద్రంగా ఉన్నది. 1954లో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూరులో లారీల తయారీకి పూనుకొన్నది. మద్రాసు సమీపాన ఎన్నూరులోని అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలండ్‌గా మారినది. హైదరాబాదు నుంచి గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా బెంగుళూరు పోయే రోడ్డు, నాటి 7వ నంబరు, నేటి 44వ నంబరు జాతీయ రహదారి, ఇటువంటి లారీల దారి.

ఆ రోజులలో కర్మాగారం నుంచి ఎక్కువగా వచ్చేది చాసిస్, దాని ముందు ముఖభాగం మాత్రమే. క్యాబిన్‌ను, తలుపులను బాడీ కట్టే వడ్రంగులు, కమ్మరులు కొయ్యతోనూ రేకుతోనూ చేసేవారు. అందుచేత ఒక లారీ తలుపు కొలత మరొక లారీకి కలవదు. ఈనాడు పాత లారీకి అద్దం వేయదలచినవారు ముందుగా తలుపు చట్రంలో అట్టముక్కను పెట్టి ఆకారం గీసుకోవలసి వస్తుంది.

గాజు పగిలే తీరు

మామూలు కిటికీ గాజు పగిలితే కత్తుల వంటి పొడవైన ముక్కలవుతుంది. లారీ దేనికైనా గుద్దుకొన్నప్పుడు డ్రైవరు మెడకు, ముఖానికి అతి దగ్గరగా ఉండేది తలుపు అద్దమే. మోటార్ల తొలి దశాబ్దాలలో ప్రమాదాలలో గాయపడిన చాలామందిని గాయపరచినది ఇటువంటి గాజు.

ఫ్రాన్సు దేశపు ఎడ్వార్డ్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో 1903లో ఒక గాజుకుప్పె పైనుంచి జారిపడి, బీటలు వారినది గాని ముక్కలుగా చెదిరిపోలేదని చెబుతారు. అందులో ఒకప్పుడు ఉన్న సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఎండి, లోపల పలుచని పొరగా అంటుకొని ఉన్నది. రెండు గాజు పలకల నడుమ అటువంటి పొరను అతికించే పద్ధతికి ఆయన 1909లో పేటెంటు పొందినాడు. ఇదే పొరల గాజు. తొలి పొరలు ఎండకు పసుపెక్కేవి. 1930ల చివర పాలీవినైల్ బ్యుటిరాల్ అనే పదార్థం రావడంతో ఆ లోపం పోయినది. ముందు అద్దానికి నేడు వాడేది ఇదే.

తలుపు అద్దానికి వేరొక ఉపాయం ఉన్నది. గాజు పలకను సుమారు 620 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడిచేసి, రెండు వైపుల నుంచీ చల్లగాలిని వేగంగా ఊదుతారు. పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది. లోపలి భాగం ఆలస్యంగా చల్లారి ముడుచుకొంటూ పైపొరను తనవైపు లాగుతుంది. ఫలితంగా పైపొర ఒత్తిడిలోనూ, లోపలి భాగం లాగుడులోనూ నిలిచిపోతాయి. గాజు పగలడానికి ముందు పైన బీట తెరుచుకోవాలి. ఒత్తిడిలో ఉన్న పైపొరలో అది తేలిక కాదు. అందుచేత ఈ గాజు మామూలు గాజు కంటె నాలుగైదు రెట్లు బలమైనది. దెబ్బ లోపలి పొరకు చేరినదా, గాజు అంతా ఒక్కసారిగా మొద్దు అంచుల చిన్న పలుకులై రాలుతుంది. మెకానిక్కులు దీనినే టఫెండ్ గాజు అంటారు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. టఫెండ్ గాజును తరువాత కోయడానికి వీలులేదు, రంధ్రం వేయడానికీ వీలులేదు. కోత మొదలుపెట్టగానే పలుకులవుతుంది. కాబట్టి అట్ట నమూనా ప్రకారం గాజును ముందుగా కోసి, అంచులు నున్నగా రుద్ది, ఆ తరువాతనే కొలిమికి పంపాలి. బజారులో అప్పటికప్పుడు కోసి ఇచ్చే ఒంటి పలక టఫెండ్ గాజు కాదని దీనినిబట్టి విద్యార్థులు సులభంగా గ్రహించవచ్చును. మరొక పరీక్ష కూడా ఉన్నది. పోలరాయిడ్ కళ్లద్దాలతో ఏటవాలుగా చూస్తే టఫెండ్ గాజులో మచ్చలో, చారలో కనిపిస్తాయి. చల్లగాలి తగిలిన తీరును బట్టి ఏర్పడిన ఒత్తిడి గుర్తులవి.

పాత లారీని యథాతథంగా నిలపాలనే కోరికతో కొందరు పాతకాలపు మామూలు గాజునే వెదకుతారు. మ్యూజియంలో కదలక నిలిచే బండికి అది చెల్లవచ్చును. రోడ్డెక్కే బండికి చెల్లదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ముందు అద్దానికీ కిటికీలకూ భద్రత గాజే ఉండాలని చెబుతున్నవి. పక్క అద్దం గుండా కనీసం నూటికి 50 వంతుల వెలుతురు దాటాలి. అద్దంపై నల్లని ఫిల్ము అతికించడాన్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించినది. టఫెండ్ గాజు చూపుకు పాత గాజు వలెనే ఉంటుంది. బండి రూపం చెడదు, మనిషి మెడ దక్కుతుంది.

రబ్బరు ఎందుకు బీటలు వారుతుంది

ఇక రబ్బరు సంగతి. 1839లో అమెరికాకు చెందిన ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి, ఎండకు జిగురెక్కని, చలికి పెళుసెక్కని పదార్థంగా మార్చినాడు. పాత లారీల బీడింగు ఎక్కువగా ఈ సహజ రబ్బరే. దాని అణువుల గొలుసులో జంటబంధాలు ఉన్నవి. గాలిలోని కొద్దిపాటి ఓజోన్ ఆ బంధాలను తెంచుతుంది. రబ్బరు సాగి ఉన్న మూలల వద్ద మొదట బీటలు పడడానికి కారణం ఇదే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందనే సూత్రాన్ని విద్యార్థులు ఎరుగుదురు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే సీమలో రబ్బరు ఎందుకు త్వరగా ముసలిదవుతుందో దీనివల్ల అర్థమవుతుంది.

1960లలో వచ్చిన ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమ రబ్బరు ప్రధాన గొలుసులో జంటబంధాలు లేవు. అందుచేత అది ఓజోనుకు, ఎండకు చాలా కాలం తట్టుకొంటుంది. పాత బండికి కొత్త బీడింగు వేసేటప్పుడు దీనినే ఎన్నుకోవడం మేలు. అయితే దీనిని డీజిలుతోనో, కిరసనాయిలుతోనో తుడవరాదు. ఆ నూనెలను పీల్చి అది ఉబ్బిపోతుంది. సబ్బునీరు చాలును.

అమర్చే వరుస

తలుపు అద్దం పక్కన ఉండే రబ్బరు పట్టీలు నీటిని పూర్తిగా ఆపుతాయనుకోవడం పొరపాటు. అద్దం మీద జారిన నీటిలో కొంత తలుపు బోలులోకి దిగుతుంది. తలుపును చేసినవారికి ఆ సంగతి తెలుసు. అందుకే అడుగున చిన్న రంధ్రాలు ఉంచినారు. దిగిన నీరు ఆ రంధ్రాల గుండా కారిపోవాలి.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ముసలిదైన రబ్బరు సందుల గుండా ఏడాది పొడుగునా తలుపులోకి దిగేది దుమ్ము. అది అడుగున పేరుకొని రంధ్రాలను మూసివేస్తుంది. ఈ సీమలో వాన అరుదు గాని, వచ్చినప్పుడు ఒక్క గాలివానగా వస్తుంది. ఆ నీరు కారే దారి లేక దుమ్ములో ఇంకి, బురదగా నిలుస్తుంది. పైన రేకు ఒక పూటలో ఆరితే, లోపలి బురద రోజుల తరబడి ఆరదు. నీరూ గాలీ రెండూ అందుతున్న ఇనుము అక్కడ నెమ్మదిగా కరిగిపోతుంది. వాన తక్కువైనా తుప్పు తప్పకపోవడానికి కారణం దుమ్మే.

కాబట్టి పని వరుస ఇట్లా ఉండాలి. ముందు తలుపు లోపల దుమ్మంతా తీసి, అడుగు రంధ్రాలను తెరవాలి. తుప్పు గీకి, చెడిన రేకు మార్చి, లోపలి వైపు కూడా రంగు వేయాలి. పిదప అద్దం ఎత్తే యంత్రాన్ని గ్రీజు పెట్టి బిగించాలి. అద్దం నడిచే ఛానలులో ఫెల్టు పట్టీ వేయాలి. అద్దం అడుగు అంచుకు రబ్బరు పట్టీ చుట్టి ఇనుప ఛానలులో కూర్చాలి. గాజు ఎక్కడా ఇనుమును తాకరాదు. అద్దం వంకర లేకుండా పైదాకా పోతున్నదని చూచిన తరువాతనే నడుము పట్టీలు బిగించాలి. చట్రం చుట్టూ వేసే బీడింగు చివరిది.

కదలని అద్దాలకు మరొక పద్ధతి ఉన్నది. గాజు చుట్టూ రబ్బరు తొడిగి, రబ్బరు గాడిలో దారం చుట్టి, సబ్బునీరు పూసి చట్రానికి ఆనిస్తారు. ఒకరు బయటనుంచి అదుముతుండగా మరొకరు లోపలినుంచి దారాన్ని మెల్లగా లాగుతారు. దారం వచ్చే కొద్దీ రబ్బరు పెదవి చట్రపు అంచు మీదికి ఎక్కుతుంది.

పని సరిగా కుదిరినదో లేదో తెలుసుకోవడానికి కాగితం ముక్క చాలును. దానిని చట్రం మీద ఉంచి తలుపు మూసి లాగి చూడాలి. బిగువుగా వస్తే బీడింగు ఒత్తుకొంటున్నది. తేలికగా జారి వస్తే అక్కడ దుమ్ముకు దారి ఉన్నది. ఈ పరీక్షను తలుపు చుట్టూ జానెడు దూరానికి ఒకసారి చేయాలి.

ఎండా, దుమ్మూ

ఇంతకాలం లారీ డ్రైవరుకు ఒక సంకటం ఉండేది. అద్దం ఎత్తితే గాజు ఎండను లోనికి రానిచ్చి వేడిని బయటకు పోనీయదు. క్యాబిన్ కొలిమి అవుతుంది. దించితే దుమ్ము కండ్లలోనూ ఊపిరిలోనూ చేరుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకపు, భారీ లారీల క్యాబిన్లకు ఎయిర్ కండిషనింగు తప్పనిసరి అయినది. ఇకమీదట అద్దం మూసి నడపడం సాధ్యమవుతుంది. చల్లనిగాలి నిలవాలంటే బీడింగు బాగుండాలి.

2019లో పెనుకొండ సమీపాన, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో, కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించినది. అక్కడ తయారయ్యే కారు తలుపులోనూ, అదే రోడ్డు పక్క షెడ్డులో విప్పిన ముసలి లారీ తలుపులోనూ ఉన్నవి అవే మూడు: పగిలినా మనిషిని కోయని గాజు, ఒత్తుకొని నిలిచే రబ్బరు, అడుగున నీరు పోయే చిన్న రంధ్రం. మొదటి రెండింటిని కొనవచ్చును. మూడవదానికి ఏడాదికి ఒకసారి ఒక సన్నని పుల్లతో దుమ్ము తీయాలి. తలుపు ఆయుష్షు దానిమీదనే ఆధారపడి ఉన్నది.